ఉప్పునీటి తొట్టిలో ఇసుక మార్చడం ఎలా?

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది. మూడేళ్ల క్రితం అడుగున శనగగింజంత పగడపు ముక్కలు పరిచాను. రెండు క్లౌన్ చేపలు, ఇసుకను నోటితో జల్లించే గోబీ చేప ఒకటి ఉన్నాయి. ఎంత నీరు మార్చినా నైట్రేట్ తగ్గడం లేదు. దుకాణదారు అంతా ఒక్కరోజులో తీసి కడగమంటున్నారు. మా బావగారేమో గోపాలపూర్ ఒడ్డున అంత ఇసుక ఉండగా కొనడమెందుకంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ముందుగా బావగారి మాట చూద్దాం. మీ తీరపు ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. దానితో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్ వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. వాటిని వేరుచేసే ప్రభుత్వరంగ కర్మాగారం ఛత్రపురంలోనే ఉందని మీ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. క్వార్ట్జ్ వల్ల చేపలకు హాని లేదు కాని, చిక్కంతా ఆ నల్లని రేణువులతోనే. గట్టి అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఎండిన ఇసుకలో తిప్పి చూడండి, నల్లని పొడి దానికి అంటుకుని వస్తుంది. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్‌కు కూడా అదే పొడి పట్టి, అద్దం మీద పోని గీతలు పెడుతుంది. పైగా ఒడ్డు ఇసుకలో ఏ నూనె, ఏ మురుగు కలిసిందో ఇంట్లో తేల్చుకోలేము. అక్కడి గవ్వలను, పగడపు ముక్కలను కూడా ఏరకండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

కొనవలసింది అరగొనైట్ ఇసుక. అది కాల్షియం కార్బొనేట్ కనుక, చిటికెడు తీసి వెనిగర్ చుక్క వేస్తే నురగ కట్టాలి; కట్టకపోతే దుకాణంవారు ఇచ్చింది వేరే ఇసుక. అయితే అరగొనైట్ వేస్తే పీహెచ్ దానంతటదే నిలుస్తుందన్న మాటను నేను నమ్మను, ఎందుకంటే 8.2 దగ్గర ఉండే మామూలు ఉప్పునీటిలో అది కరగదనే చెప్పాలి. మీకు దానివల్ల అసలు లాభం రేణువు పరిమాణంలో ఉంది. శనగగింజంత ముక్కల సందుల్లోకి మేత, మలం దిగి అక్కడే కుళ్లుతాయి; మీ నైట్రేట్‌కు మూలం చాలావరకు అదే. గోబీ కూడా ఆ ముక్కలను నోట పట్టి జల్లించలేదు, కడుపు నిండక చిక్కిపోతుంది. ఒక మిల్లీమీటరు, అంతకు కొంచెం తక్కువ రేణువులున్న ఇసుకను 3 నుంచి 4 సెంటీమీటర్ల మందాన పరవండి. మీ తొట్టికి సుమారు 20 కిలోలు సరిపోతుంది.

మార్చే పని మాత్రం ఒక్కరోజులో ముగించకండి. మూడేళ్ల మురికి ఒక్కసారి కదిలితే అమ్మోనియా పెరిగి, పొద్దుటికి చేపలు తేలిపోవచ్చు. అడుగును నాలుగు భాగాలుగా అనుకుని, పది రోజులకొక భాగం చొప్పున తీయండి. పంపులు ఆపి, ముప్పావు అంగుళపు గొట్టంతో ముక్కలను నీటితోపాటు బకెట్‌లోకి లాగి, తగ్గిన నీటికి బదులు ముందురోజే కలిపి ఉంచిన, సాంద్రత 1.025 ఉన్న ఉప్పునీటిని పోయండి. నల్లగా మారిన చోట కుళ్లిన గుడ్ల వాసన వస్తే, ఆ భాగాన్ని కదపకముందే చేపలను అదే నీటితో నింపిన వేరే టబ్బులోకి మార్చండి. మర్నాడు, మూడోరోజు అమ్మోనియా పరీక్ష చేయండి. సున్నా రాకపోతే తరువాతి భాగం జోలికి వెళ్లకండి. రాళ్ల కింది భాగాన్ని చివరికి ఉంచి, రాయి ఎత్తి అడుగు అద్దం మీదే ఆనించాక చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద నిలబెడితే గోబీ కింద తవ్వి దాన్ని పడగొడుతుంది. లైవ్ రాక్ (సముద్రజీవులు పట్టిన రాయి) మీద అమ్మోనియాను హరించే బాక్టీరియా ఉంటుంది కాబట్టి, పాత ముక్కలన్నీ పోయాయని దిగులుపడనక్కరలేదు.

ప్రశ్న: కొత్త అరగొనైట్ వేశాక నీరు పాలలా తెల్లబడింది. చేపలు చస్తాయా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: చావవు. అది సున్నపు నలుసే, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. ఫిల్టరులో దూది పెట్టి, మురికి పట్టగానే మార్చండి. ఇకమీదట ఇసుకను బకెట్‌లో నీరు తేటపడేదాకా కడిగి, పీవీసీ గొట్టం ఒక చివర అడుగుకు తాకించి అందులోంచి జారవిడవండి. లైవ్ శాండ్ అని సంచీలో తడిగా అమ్మేదైతే కడగకండి. అందులోని బాక్టీరియా కొట్టుకుపోతుంది.