ముందు పూజారి చేతులు చూడు

చిరంజీవికి,

ఆశీస్సులు. ప్రాచీన ఈజిప్టు, గ్రీకు ఆరాధనల మీద నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. విషయం మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి పేజీలో వేసిన పట్టిక తీసేయాలి. అమున్ అంటే జ్యూస్, ప్తా అంటే హెఫైస్టస్, నీత్ అంటే అథీనా, ఐసిస్ అంటే డిమీటర్ అని వరసగా పెట్టావు. ఈ జతలు క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ తన చరిత్ర రెండో పుస్తకంలో రాసుకున్నవి. పరాయి ఊళ్లో దేవుణ్ణి చూస్తే తమ దేవుడి పేరు పెట్టి పిలవడం గ్రీకులకు అలవాటు. అది గ్రీకుల ఆలోచన గురించి ఎంతో చెబుతుంది, ఈజిప్టు గురించి చాలా తక్కువ చెబుతుంది. దానితో మొదలుపెడితే పోలిక సగం దారిలోనే ఒక పక్కకు ఒరిగిపోతుంది.

దేవుళ్లను కాసేపు పక్కన పెట్టి పనులను పోల్చు. పూజారి చేతులు ఏం చేస్తున్నాయి? ఆ సమయంలో మామూలు మనిషి ఎక్కడ నిలబడ్డాడు? దేవుడి ముందు పెట్టిన తిండి చివరికి ఎవరింటికి చేరింది? ఈ మూడింటికీ రెండు వైపులా జవాబు రాబడితే వ్యాసం దానంతట అదే నిలబడుతుంది.

ఈజిప్టు నిత్యపూజతో మొదలుపెట్టు. ఆధారాలు బాగా ఉన్నాయి. అబైడోస్‌లో క్రీ.పూ. 13వ శతాబ్దపు రాజు మొదటి సేతి కట్టించిన గుడిలో, దేవుళ్ల గదుల గోడల మీద ఆ పూజ ఘట్టాలు బొమ్మలుగా చెక్కి ఉన్నాయి. కర్నాక్‌లోని అమున్ పూజకు బెర్లిన్‌లో ఒక పాపిరస్ (రెల్లు కాగితం) చుట్ట ఉంది, అందులో 66 అధ్యాయాలు. రెండింటి వరస అన్నిచోట్లా కలవదు, కాబట్టి ‘కచ్చితంగా ఇదే క్రమం’ అనే మాట వాడకు. స్థూలంగా జరిగేది ఇది. పూజారి నీళ్లతో, నేట్రాన్ అనే సహజ సోడాతో శుద్ధి అవుతాడు. ధూపం వెలిగించి లోపలికి వెళతాడు. దేవుడి గూటి తలుపుకు వేసిన మట్టి ముద్ర పగలగొట్టి గడియ లాగుతాడు. తలుపు తెరుచుకోగానే నేల మీద సాగిలపడి, లేచి స్తోత్రం చదువుతాడు. నిన్నటి బట్టలు, నిన్నటి లేపనం తీసి విగ్రహాన్ని శుభ్రం చేస్తాడు. తెల్లనిది, ఆకుపచ్చది, ఎర్రది ఇలా బట్టలు ఒకదాని తర్వాత ఒకటి సమర్పిస్తాడు. చిటికెన వేలితో పరిమళ తైలం అద్దుతాడు. లోకాన్ని సరిగ్గా నడిపించే క్రమాన్ని వాళ్లు మాత్ అన్నారు, ఆ మాత్‌ను చిన్న దేవత బొమ్మగా చేతిలో పట్టి దేవుడికి చూపిస్తాడు. చివరికి తలుపు మూసి కొత్త ముద్ర వేసి, తన అడుగుల జాడ చీపురుతో తుడుచుకుంటూ బయటికి వస్తాడు.

ఆ చీపురును మాత్రం వదలకు. మనిషి అక్కడికి వచ్చిన ఆనవాలు కూడా మిగలకూడదన్న భావన అంతా అందులో ఉంది. నీ చిత్తుప్రతిలో లోకసృష్టి గురించి రెండు పేజీలు రాశావు, చీపురు గురించి ఒక్క వాక్యం లేదు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. గోడ మీద ఈ పనులన్నీ చేస్తున్నది రాజు. దాన్ని చూసి ‘రోజూ రాజే పూజ చేసేవాడు’ అని రాసేస్తారు. దేశంలో ఇన్ని గుళ్లుంటే ఒక్క రాజు తెల్లవారుజామున అన్నిచోట్లా ఎలా ఉంటాడు? సిద్ధాంతం ప్రకారం దేవుళ్లతో మాట్లాడే హక్కు రాజుదే, అందుకే గోడ మీద అతని బొమ్మ. నిజంగా లోపలికి వెళ్లేది అతని తరఫున పూజారి. నీ వాక్యంలో ఈ రెండూ విడివిడిగా కనపడాలి.

తర్వాత తిండి. రొట్టె, బీరు, బాతులు, మాంసం దేవుడి ముందు పెడతారు. దేవుడు తృప్తిపడ్డాక అవి అదే గుడిలోని చిన్న దేవతల ముందుకు, పెద్దల విగ్రహాల ముందుకు వెళతాయి, ఆ తర్వాత పూజారుల వంతుకు వస్తాయి. ఒకే రొట్టె మూడు చోట్ల పనిచేస్తుందన్నమాట. గుడి జీతాల లెక్క కూడా ఇందులోనే ఉంది కనుక దీన్ని ఒక్క ముక్కలో తేల్చేయకు.

గ్రీసుకు వచ్చేసరికి మొట్టమొదట మారేది స్థలం. బలిపీఠం గుడి బయట, ఆకాశం కింద, ఎక్కువగా తూర్పు ముఖద్వారం ఎదుట ఉంటుంది. విగ్రహం లోపల ఉంటుంది కానీ అసలు పని జరిగేది బయట, జనం కళ్ల ముందు. ఊరేగింపుగా జంతువును తెస్తారు. ముందు నడిచే అమ్మాయి తల మీద బుట్ట ఉంటుంది, అందులో బార్లీ గింజలు, కత్తి. చేతులు కడుక్కుంటారు, జంతువు మీద నీళ్లు చల్లుతారు, బార్లీ విసురుతారు, నుదుటి వెంట్రుకలు కొన్ని కోసి మంటలో వేస్తారు. ఎద్దయితే ముందు గొడ్డలి దెబ్బ, తర్వాత గొంతు. ఆ క్షణంలో ఆడవాళ్లు గొంతెత్తి కేక పెడతారు. తొడ ఎముకలను కొవ్వులో చుట్టి పీఠం మీద కాలుస్తారు, ఆ పొగే దేవుడి వాటా. గుండె, కార్జం, ఊపిరితిత్తులు, కిడ్నీలు చువ్వలకు గుచ్చి కాల్చి దగ్గర నిలబడ్డవాళ్లు అక్కడికక్కడే తింటారు. మిగిలిన మాంసాన్ని వాటాలు వేసి పంచుతారు. చర్మం చాలాచోట్ల పూజారికి వెళుతుంది.

మంచి మాంసం మనుషులకు, ఎముకలు దేవుడికి ఎందుకు? ఈ ప్రశ్న గ్రీకులకే వచ్చింది. మెకోనే అనే చోట ప్రొమిథియస్ ఎముకలను కొవ్వుతో కప్పి ఎర చూపి, దేవతల రాజు జ్యూస్‌ను మోసగించిన కథను కవి హెసియడ్ చెప్పింది దీనికి జవాబుగానే. ఆ కథను పురాణాల అధ్యాయంలో కాక వాటాల దగ్గరే చెబితే దాని పదును తెలుస్తుంది.

ఇప్పుడు తెలుగు మాటల సంగతి. ఈ వ్యాసంలో నీకు అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేవి ఇవే. ఈజిప్టు పూజ రాసేటప్పుడు గర్భగుడి, నైవేద్యం, అలంకారం లాంటి మాటలు వాటంతట అవే కలం కిందికి వస్తాయి. చాలావరకు సరిపోతాయి కూడా. కానీ ‘దర్శనం’ సరిపోదు. మామూలు జనం ముందరి ఆవరణ దాటి వెళ్లరు, మూలవిగ్రహాన్ని చూడరు. పండుగనాడు పడవ ఆకారపు పల్లకీలో దేవుడు బయటికి వచ్చినా విగ్రహం తెర వెనకే ఉంటుంది. థీబ్స్‌లో ఓపెత్ పండుగకు అమున్ కర్నాక్ నుంచి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని లక్సర్ గుడికి వెళ్లేవాడు. మూడవ తుత్మోస్ కాలంలో 11 రోజులున్న ఆ పండుగ మూడవ రామెసిస్ కాలానికి 27 రోజులకు పెరిగింది. అన్ని రోజుల్లోనూ జనం చూసింది పడవనే.

గ్రీకు బలికి ‘నైవేద్యం’, ‘ప్రసాదం’ అసలే అతకవు. మన పల్లె జాతర మాటలు తీసుకో. బలి, వాటా, పోగు లాంటివి బాగా పలుకుతాయి. తెలంగాణలో యాట (బలిచ్చే మేక లేదా గొర్రె) మీద నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలిస్తే జడ్తి ఇచ్చిందంటారు, అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క. డెల్ఫీలో అపోలో వాక్కు అడగబోయే ముందు మేక మీద చల్లటి నీళ్లు పోసేవాళ్లు. అది ఒళ్లంతా వణికితేనే, దేవుడి వాక్కు పలికే పూజారిణి పిథియా పీఠం ఎక్కాలి. ఒకసారి మేక వణకకపోయినా పట్టుబట్టి పిథియాను లోపలికి పంపారనీ, ఆమె కొద్ది రోజుల్లోనే చనిపోయిందనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అతను డెల్ఫీలో పూజారి, కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. తెలుగు పాఠకుడికి జడ్తి గుర్తుచేస్తే ఈ ఘట్టం ఒక్క క్షణంలో అర్థమవుతుంది. గుర్తుచేసి అక్కడితో ఆగు. ‘అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది’ అని ఒక్క అడుగు ముందుకు వేశావో, దానికి రుజువు లేదు. మామూలు బలుల్లోనూ జంతువు తల ఊపి సమ్మతించాలన్న మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దాన్ని ఇటీవలి పండితులు గట్టిగా ప్రశ్నించారు, కాబట్టి నియమంగా రాయకు.

పూజారి అన్న మాట కూడా రెండు వైపులా ఒకే బరువు మోయదు. ఈజిప్టులో వాబ్ అంటే శుద్ధుడు, ‘హెమ్ నెచెర్’ అంటే దేవుడి సేవకుడు, పాఠం చదివేవాడు వేరు. ఎక్కువమంది వంతులవారీగా పనిచేసేవాళ్లు. నాలుగు జట్లు, ఒక్కో జట్టుకు ఒక నెల. క్రీ.పూ. 238 నాటి కనోపస్ శాసనం ఐదో జట్టును చేర్చింది. వంతు అయిపోయాక ఇంటికి వెళ్లి తమ పని తాము చూసుకునేవాళ్లు. హెరోడోటస్ లెక్క ప్రకారం వాళ్లు రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకుంటారు, పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేస్తారు, అవిసె నార బట్టలు, పాపిరస్ చెప్పులు తప్ప వేసుకోరు. గ్రీసులో పూజారి ఎక్కువగా మామూలు పౌరుడే. కొన్ని పదవులు వంశానివి, ఏథెన్స్‌లో ఊరిని కాచే అథీనా పోలియాస్ పూజారిణి ఎతియోబుటాడ్ వంశం నుంచే రావాలి. కొన్నిటికి చీటీ తీస్తారు. మిలేటస్, ఎరిథ్రే లాంటి ఊళ్లలో పూజారి పదవిని అమ్మేవాళ్లు, ఆ అమ్మకం షరతులు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. బలుల్లో వచ్చే వాటా, చర్మం కలుపుకుంటే కొన్నవాడికి పెట్టుబడి తిరిగివచ్చేది.

హెరోడోటస్‌ను వాడేటప్పుడు అతను చూడగలిగినదాన్ని, విన్నదాన్ని వేరుచేయి. గొరుగుడు, బట్టలు బయటికి కనపడేవి. మూసిన తలుపు వెనక పూజను అతను చూడలేదు. ఈజిప్టులో ఆడవాళ్లెవరూ పూజారిణులు కారని రాశాడు, అది తప్పు. పిరమిడ్ల కాలమైన పాత రాజ్యంలో హాథోర్ దేవత పూజారిణుల పేర్లు సమాధుల మీద ఉన్నాయి, థీబ్స్‌లో ‘అమున్ దేవుడి భార్య’ అనే పదవి ఎంతో బలమైనది. అతని మంచి ముక్క ఒకటి నీకు పనికొస్తుంది. ఈజిప్టు వాళ్లు బలి ఇచ్చిన ఎద్దు తలకు శాపాలు పెట్టి, ఊళ్లో గ్రీకు వర్తకులుంటే వాళ్లకు అమ్మేస్తారట, లేకపోతే నదిలో పారేస్తారట. ఒకరు ముట్టని తల మరొకరి బజారు సరుకు. ఒక పేరా అక్కడే మొదలుపెట్టవచ్చు.

గ్రీకు పద్ధతులకు కవులకంటే రాతి శాసనాలు నమ్మదగినవి. ఏథెన్స్ పరిసరాల్లోని ఎర్ఖియా ఊరి బలుల పట్టిక క్రీ.పూ. 4వ శతాబ్దానిది. ఏ రోజు, ఎక్కడ, ఏ దేవుడికి, ఏ జంతువు, ఎంత ఖర్చు అన్నీ వరసగా ఉంటాయి. పందిపిల్లకు 3 డ్రాక్మాలు (గ్రీకు వెండి నాణేలు), గొర్రెకు 10 నుంచి 12. చాలాచోట్ల ‘బయటికి తీసుకుపోకూడదు’ అని ఉంటుంది, అంటే మాంసం అక్కడే తినాలి. భక్తి ఎంత లెక్కగా నడిచేదో ఇంతకంటే బాగా చెప్పే ఆధారం దొరకదు.

నీ చిత్తుప్రతిలో ఇంకో తడబాటు కాలం. ‘ప్రాచీన ఈజిప్టులో’ అని మొదలై ఒకే పేరాలో పిరమిడ్ల కాలం నుంచి ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలమీల కాలానికి దూకావు, మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా ఉన్నాయి. ఒక ఊరు, ఒక శతాబ్దం ఎంచుకో. నా మాట వింటే రెండు ఆరాధనలూ ఒకే గోడల మధ్య కలిసిన చోటు తీసుకో. అది గ్రీకుల డెలోస్ దీవి, క్రీ.పూ. 200 ప్రాంతం.

అక్కడ ఈజిప్టు నుంచి వచ్చిన దేవుడు సెరాపిస్ గుడిలో ఒక శాసనం దొరికింది. రాయించినవాడు పూజారి అపొలోనియస్. అతని తాత పేరూ అపొలోనియస్సే, మెంఫిస్ పూజారి కుటుంబంవాడు, దేవుణ్ణి ఈజిప్టు నుంచి వెంట తెచ్చుకున్నాడు. 97 ఏళ్లు బతికాడు. దేవుడు అద్దె గదుల్లోనే ఉండేవాడు. కొడుకు తర్వాత మనవడి వంతు వచ్చినప్పుడు దేవుడు కలలో కనిపించి, ఇక అద్దె ఇల్లు వద్దు, సొంత గుడి కట్టు, స్థలం నేనే చూపిస్తాను అన్నాడు. ఆ స్థలం చెత్తతో, పేడతో నిండి ఉంది, అమ్మకానికి ఉందని దారిలో చీటీ అంటించి ఉంది. కొన్నారు. ఆరు నెలల్లో గుడి లేచింది. కొందరు కోర్టుకు లాగారు. భయపడకు, గెలుస్తామని దేవుడు మళ్లీ కలలో చెప్పాడు, గెలిచారు.

ఇప్పుడు ఆ గుడి నేలపటం గీసుకో. కింద నీళ్లకు దారి ఉన్న చిన్న నేలమాళిగ, ఆ నీళ్లు ఇనోపస్ వాగువి. ఆ వాగు నైలు నుంచే భూమి కింద వస్తుందని డెలోస్ నమ్మకం. పక్కనే గోడల వెంట పాలరాతి అరుగులున్న భోజనశాల. నీళ్లు ఈజిప్టువి, పంక్తిభోజనం గ్రీకులది. పూజారి పదవి తాత నుంచి మనవడికి వచ్చింది, అది ఈజిప్టు పద్ధతికి దగ్గర. స్థలం కొనడం, దావా, దేవుడి మహిమను గ్రీకు ఛందస్సులో పాడించి రాతి మీద చెక్కించడం గ్రీకు ఊరి పద్ధతి. నువ్వు ఎనిమిది పేజీల్లో చెప్పాలనుకున్న పోలిక అంతా ఈ ఒక్క ఇంట్లో ఉంది.

చిన్న విషయం ఒకటి. ఐసిస్, ఒసైరిస్, థోత్ గ్రీకుల ద్వారా వచ్చిన రూపాలు. ఈజిప్టు రాతలో అచ్చులు ఉండవు కనుక అసలు ఉచ్చారణ మీద గట్టిగా పట్టుబట్టకు. వాడుకలో ఉన్న రూపమే వాడు, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో ఆ సంగతి చెప్పు, తర్వాత స్పెల్లింగ్ మార్చకు. నీ ప్రతిలో అమున్ మూడు రకాలుగా ఉన్నాడు.

ఈజిప్టు జనానికి గుడితో సంబంధమే లేదన్న నీ నాలుగో పేజీ వాక్యం కొట్టేయి. దేవుడికి వినపడాలని చెవుల బొమ్మలు చెక్కిన రాతి పలకలు ప్రతిష్ఠించారు. రాజుల సమాధులు కట్టే పనివాళ్ల ఊరు దెయిర్ ఎల్ మెదినాలో వాళ్లు తమ తగాదాలను, చనిపోయాక దేవుడైన రాజు మొదటి అమెన్‌హోతెప్ పల్లకీ ముందు పెట్టేవాళ్లు. అది ముందుకు వస్తే అవును, వెనక్కి పోతే కాదు. లోపలికి పోలేని మనిషి బయట ఎలా మాట్లాడుకున్నాడో అది వేరే అధ్యాయానికి సరిపడా ఉంది, ఇందులో ఇరికించకు.

డెలోస్ భాగం ముందు రాసి, ఆ నాలుగు పేజీలే పంపు. పటం కూడా జత చెయ్యి.

ఆశీస్సులతో.