లైన్‌లోకి వెళ్లిన అల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విని ఏ పరీక్షో పోయిందనుకున్నా. తీరా చూస్తే మీ స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ నిన్ను లైన్ వెనక ఉండే లైన్‌బ్యాకర్ నుంచి తీసి, ముందు వరుసలో ఢీకొనే డిఫెన్సివ్ టాకిల్‌గా వేశాడట. "లావుగా ఉన్నానని లైన్‌లోకి తోసేశారు మావయ్యా" అన్నావు. సగం మాటలు నువ్వు ఇంగ్లీషులో, సగం నేను తెలుగులో, మధ్యలో వంటింట్లోంచి మీ అమ్మ కేకలు. ఏమీ తెమల్లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఐదో తరగతి దాకా గుంటూరులో చదివావు, ఇది చదవలేనని వంక పెట్టకు.

నేను ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. కానీ మా వాడు, మీ బావ, హైస్కూల్లో మూడేళ్లు, కాలేజీలో రెండేళ్లు ఇదే పొజిషన్‌లో ఆడాడు. ఆ ఐదేళ్లలో ఎన్నిసార్లు వాడి వేళ్లకి టేపు చుట్టానో, గ్యాస్ స్టేషన్ నుంచి ఎన్ని ఐసు బస్తాలు తెచ్చి బాత్‌టబ్‌లో పోశానో లెక్కలేదు. తప్పులూ అలాగే చేశాను. నువ్వూ మీ నాన్నా వాటిని మళ్లీ చెయ్యకుండా ఉంటే చాలు.

శుక్రవారం రాత్రి ఆట అయ్యి వాడు కారెక్కగానే నేను అడిగే మొదటి మాట "ఎన్నిరా?" అని. అంటే ఎన్ని శాక్స్ అని. అవతలి జట్టు ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా పడేస్తేనే ఆట ఆడినట్టని నా బుర్రలో ఉండేది. వాడు "సున్నా" అనేవాడు. ఆ తర్వాత ఇల్లు వచ్చేదాకా రేడియో తప్ప ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అలా ఒక సీజన్ సగం గడిచింది. ఒక ఆదివారం వాడే ల్యాప్‌టాప్ తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టి ఒక క్లిప్ చూపించాడు. పది సెకన్లు కూడా ఉండదు. అవతలివాళ్లు బంతిని మధ్యలోంచి పరిగెత్తించాలని చూశారు. మన లైన్‌బ్యాకర్ దూసుకొచ్చి బంతి ఉన్నవాణ్ణి అక్కడికక్కడే కూల్చేశాడు. మైకులో వాడి పేరే వినిపించింది. "ఇందులో నేనేం చేశానో చెప్పు నాన్నా" అన్నాడు మీ బావ.

మూడుసార్లు చూసినా నాకేం కనపడలేదు. నాలుగోసారి బంతిని వదిలేసి వీడి కాళ్లే చూశాను. అవతలి లైన్‌లోని గార్డూ, వాడి పక్కనున్న టాకిలూ ఇద్దరూ కలిసి వీడి మీద పడ్డారు. వీణ్ణి వెనక్కి నెట్టి, ఇద్దర్లో ఒకడు విడిపోయి లైన్‌బ్యాకర్ని అడ్డుకోవాలి. అదీ వాళ్ల ఎత్తు. వీడు ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో కాలు పాతేసి, ఇద్దరి కిందా అలాగే ఉండిపోయాడు. వాళ్లకి విడిపోయే సందు దొరకలేదు. లైన్‌బ్యాకర్ ఖాళీ దారిలో వచ్చి పని ముగించాడు. స్కోరు కాయితం మీద వీడి పేరు పక్కన ఏమీ లేదు.

నిన్ను ఇప్పుడు పెట్టింది ఆ పనికే. నీకు లైన్‌బ్యాకర్ ఆట తెలుసు కాబట్టి ఒక్కటి గుర్తు చేసుకో: నీ మీదికి గార్డు రాకుండా ఉన్న రోజుల్లో, నీ ముందు ఎవడో వాణ్ణి పట్టి ఉంచాడు. వాడి పేరు నీకు గుర్తుందా?

మా ఇంటికి అరగంట దూరంలో డెంటన్ ఉంది. అక్కడి నార్త్ టెక్సాస్ కాలేజీలో ఆడి, 1969లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లోని పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి వెళ్లిన డిఫెన్సివ్ టాకిల్ జో గ్రీన్. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ నాలుగుసార్లు గెలిచాడు, రెండుసార్లు ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. అలాంటి గ్రీన్ ఖాతాలో అధికారికంగా ఎన్ని శాక్స్ ఉన్నాయో తెలుసా? ఒక్కటీ లేదు. లీగ్ శాక్స్‌ని అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1982లో, ఆయన 1981 సీజన్‌తో ఆట మానేశాడు.

అది పాత కథ అంటావేమో. రామ్స్ జట్టు డిఫెన్సివ్ టాకిల్ ఏరన్ డోనాల్డ్ సంగతి చూడు. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్, రామ్స్ 23–20తో ముందున్నారు, నిమిషం కూడా మిగల్లేదు, సిన్సినాటికి నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఒక్క గజం కావాలి. డోనాల్డ్ లైన్ చీల్చుకుని వెళ్లి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరోని పట్టుకుని గిర్రున తిప్పాడు. బరో పడిపోతూ బంతిని ఎటో విసిరేశాడు. ఆట అయిపోయింది. డోనాల్డ్ కెరీర్‌లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న ఆట అదే, కానీ అది శాక్ కాదు, బంతి చేతిలోంచి వెళ్లిపోయింది కదా. పదేళ్లలో ఆయన చేసిన 111 శాక్స్‌లో దానికి చోటు లేదు.

అందుకని నీ లెక్క నువ్వే రాసుకో. మీ బావ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాడు. ఫిల్మ్ చూస్తూ మూడు అంకెలు రాసేవాడు: బంతి కదిలి ఆట మొదలయ్యే స్నాప్‌కి అందరికంటే ముందు ఎన్నిసార్లు కదిలాడు, ఇద్దరు మీద పడ్డప్పుడు ఎన్నిసార్లు చోటు వదల్లేదు, ఎన్నిసార్లు నేల మీద పడి ఉన్నాడు. మూడోది తగ్గుతుంటే ఆట బాగుపడుతున్నట్టే.

ఇక నిలబడే పద్ధతి. కోచ్ నేర్పుతాడు, నేను చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం ఆయన చెప్పలేడు, ఎందుకంటే ఆయన బండలాగుడు చూసి ఉండడు. చిన్నప్పుడు సంక్రాంతికి మీ తాతయ్య నిన్ను తీసుకెళ్లారు, గుర్తుందా? బండ కదలాలంటే ఒంగోలు ఎద్దు ఏం చేస్తుంది? ముందు మెడ దించుతుంది, వెనక కాళ్లు మడిచి నడుము కిందకి తెస్తుంది, అప్పుడు నేలని తన్నుతుంది. తల ఎత్తి లాగే ఎద్దు రెండడుగులకే ఆగిపోతుంది. నువ్వు వీడియోలో లేచేటప్పుడు నిటారుగా లేస్తున్నావు, ఛాతీ అంతా గార్డుకి అప్పగించేస్తున్నావు. నడుము దించు. ఎద్దుకీ నీకూ తేడా ఒక్కటే: అది చూపు దించుతుంది, నువ్వు దించకూడదు. కళ్లు పైకి, ముందు చేతులు తగలాలి, బొటనవేళ్లు పైకి, మోచేతులు లోపలికి. తలతో గుద్దితే మెడ పోతుంది.

క్వార్టర్‌బ్యాక్ అరుపులు వినకు. వాడు నిన్ను మోసం చెయ్యడానికే గొంతు మారుస్తాడు, నువ్వు ముందే కదిలితే ఐదు గజాలు దానం. బంతినే చూడు.

సైజు గురించి బెంగ పడ్డావు. డోనాల్డ్ ఆరడుగుల ఒక అంగుళం, సుమారు 280 పౌన్లు. ఆ పనికి చిన్నవాడన్నారు, అయినా జట్లు కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2014లో 13వ పిక్‌గా తీసుకున్నారు. పన్నెండేళ్లప్పటి నుంచే వాళ్ల నాన్నతో కలిసి తెల్లవారుజామున ఇంటి బేస్‌మెంట్‌లో బరువులెత్తేవాడు. జాన్ రాండల్‌నైతే 1990 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. మన టెక్సాస్‌లోనే కింగ్స్‌విల్ కాలేజీ కుర్రాడు. చివరికి 137.5 శాక్స్, హాల్ ఆఫ్ ఫేమ్. నీ గదిలో పోస్టర్ ఉన్న జె.జె. వాట్ కూడా కాలేజీలో బంతి అందుకునే టైట్ ఎండ్‌గా మొదలుపెట్టినవాడే. ఆ కాలేజీ వదిలేసి, కొన్నాళ్లు పిజ్జాలు డెలివరీ చేసి, స్కాలర్‌షిప్ లేకుండా విస్కాన్సిన్‌లో చేరి లైన్‌లోకి మారాడు. వాణ్ణీ ఎవరో తోసే ఉంటారు.

అయితే బరువు పెంచమన్నారు కదా అని అన్నం కుండ ముందు కూర్చోకు. మీ తాతయ్యకి షుగరు, నాకు షుగరు, మీ అమ్మకి బోర్డర్‌లో ఉంది. మన వాళ్లకి పొట్ట చుట్టూ చేరే కొవ్వు తక్కువ బరువులోనే జబ్బులు తెస్తుంది. నెలకి రెండు మూడు పౌన్లు, అదీ బరువులెత్తుతూ పెంచు. గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు చాలు. లాకర్ రూమ్‌లో ఎవడో ఇచ్చే పొడి డబ్బాలు ట్రైనర్‌కి చూపించకుండా ముట్టుకోవద్దు. గురక పెడుతున్నావని అమ్మ అంటే నవ్వి ఊరుకోకు, డాక్టర్‌కి చెప్పు. రెజీ వైట్ అంతటివాడు, 198 శాక్స్ చేసినవాడు, 2004లో 43 ఏళ్లకే పోయాడు. ఊపిరితిత్తుల జబ్బుతో పాటు నిద్రలో ఊపిరి ఆగే సమస్య కూడా కారణమై ఉండొచ్చన్నారు.

ఆగస్టు ప్రాక్టీసుల్లో కళ్లు తిరిగితే కూర్చో. పరువు పోదు. 2001లో మిన్నెసోటా వైకింగ్స్ క్యాంపులో కోరీ స్ట్రింగర్ వడదెబ్బకి చనిపోయాడు, 27 ఏళ్లు. చలి ప్రాంతం మిన్నెసోటాలోనే అలా అయితే మీ హ్యూస్టన్ సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు రాసేది మీ అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. మీ బావ సీనియర్‌గా ఉన్నప్పుడు ఒక శుక్రవారం రెండో క్వార్టర్‌లో తలకి గట్టిగా తగిలింది. లైట్ల వైపు చూడలేకపోయాడట. ఎవరికీ చెప్పలేదు, ఆట మొత్తం ఆడాడు. ఆదివారం అన్నం తినలేదు, నిద్ర చాల్లేదేమో అనుకున్నాం. బుధవారం పొద్దున్నే చెత్త డబ్బా రోడ్డు మీదకి లాగుతూ దాని పక్కనే కూలబడి వాంతి చేసుకున్నాడు. ఎందుకు చెప్పలేదురా అని అరిచాను. "ఈ వారం కాలేజీ కోచ్ వస్తున్నాడని నువ్వు ఆఫీసులో అందరికీ చెప్పావు కదా నాన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ట్రాష్ డే వస్తే గుర్తొస్తుంది.

నాలుగు వారాలు ఆట లేదు. ఆ కోచ్ వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. ఏమీ మునిగిపోలేదు, వాడికి వేరే చిన్న కాలేజీ దొరికింది.

2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, చనిపోయాక దానంగా వచ్చిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే, తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి, అందరికీ అంతే వస్తుందని కాదు. కానీ లైన్‌లో ప్రతి స్నాప్‌కీ ఎవడో ఒకడు తగులుతూనే ఉంటాడు, పెద్ద దెబ్బ ఒక్కటే దెబ్బ కాదు. తలకి తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు ఇక మైదానంలోకి దింపకూడదని, డాక్టర్ రాసిచ్చేదాకా ఆడించకూడదని మన రాష్ట్రంలో చట్టమే ఉంది. చట్టం నీ తలలోకి తొంగి చూడలేదు, నువ్వే నోరు విప్పాలి. ట్రైనర్‌కి చెప్పు, అమ్మకి చెప్పు, వాళ్లిద్దరికీ భయపడితే నాకు చెప్పు. అర్ధరాత్రయినా సరే.

ఈ కింది ముక్క మాత్రం అమ్మకి గట్టిగా చదివి వినిపించు.

అక్కా, వీడు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్తాడని నేను అనడం లేదు. దేశంలో దాదాపు పది లక్షల మంది పిల్లలు హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతారు. లీగ్ డ్రాఫ్ట్‌లో ఏటా తీసుకునేది సుమారు 250 మందిని. అక్కడికి చేరినవాళ్లలోనూ ఎక్కువ ఏళ్లు నిలిచేవాళ్లు తక్కువ. అందుకని చదువు పక్కన పెట్టమని నేనెందుకు చెప్తాను? కాలేజీ ఆటల్లో పై మెట్టయిన డివిజన్ వన్‌లో ఆడాలన్నా 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 2.3 జీపీఏ అడుగుతారు, ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. డివిజన్ త్రీ కాలేజీల్లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకీ అవసరానికీ ఇచ్చే సాయమే. మీ బంధువులెవరైనా "కుస్తీ పట్లు పట్టేవాడికి చదువేం వస్తుంది" అంటే ఎలన్ పేజ్ పేరు చెప్పు. వైకింగ్స్‌కి డిఫెన్సివ్ టాకిల్. 1971లో లీగ్ మొత్తానికే ఉత్తమ ఆటగాడు, అంతకు ముందు డిఫెన్స్ వాడెవడికీ ఆ గౌరవం దక్కలేదు. ఆడుతూనే లా చదివి 1978లో పట్టా తీసుకున్నాడు. తర్వాత మిన్నెసోటా సుప్రీంకోర్టు జడ్జిగా 22 ఏళ్లు కూర్చున్నాడు. అందరూ పేజ్ కారు, నిజమే. ఐఐటీకి కోచింగ్ తీసుకున్నవాళ్లందరూ ఐఐటీకి వెళ్లారా?

సరే అల్లుడూ, మళ్లీ నీకే. యూపీఎస్‌లో ఒక పొడుగాటి పెట్టె వస్తుంది. అందులో చీపురు కర్రకి చివర కట్టిన బంతి ఉంటుంది. గ్యారేజీ తలుపు దగ్గర మీ నాన్న కర్ర పట్టుకుని కూర్చోవాలి, నువ్వు బంతి ముందు వంగి చెయ్యి నేలకి ఆనించాలి. ఆయన నోటితో "హట్, హట్" అని ఎంత అరిచినా కదలకు, బంతి కదిలినప్పుడే కదులు. రోజుకి ఇరవై సార్లు చాలు. మీ బావకీ నాకూ ఇది రెండేళ్లు నడిచింది. నా అరుపులకి పక్కింటావిడ ఒకసారి తలుపు కొట్టింది కూడా. కర్ర మీద గీతలు చూసి కంగారు పడకు, వాడు మోసపోయినప్పుడల్లా నేను చాకుతో ఒక గాటు పెట్టేవాణ్ణి. రెండో వైపు ఖాళీగా ఉంది, నీకోసం వదిలా.

మీ
మావయ్య