ఎముక పెరుగుదల చూడాలంటే కణాలా, కోడిపిండం ఎముకా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఎంసీ3టీ3 కణాలు (ఎముకను తయారుచేసే ఎలుక కణాలు) సరిపోతాయా, కోడిపిండం తొడ ఎముకే కల్చర్‌లో, అంటే ల్యాబ్ పాత్రలో పెంచడానికి, పెట్టాలా అని అడిగారు. తార్నాక వైపు ఒక ల్యాబ్‌లో నేను రెండూ చేశాను. మూణ్ణాలుగు నెలల సమయం ఉంటే ఎముకే పెట్టండి.

కణాలు తేలికే. ఆస్కార్బిక్ ఆమ్లం, 10 మిల్లీమోలార్ బీటా గ్లిసరోఫాస్ఫేట్ వేసి మూడు వారాలు ఉంచితే ఖనిజం పేరుకుంటుంది. (ముందు కణాలను పెంచుకునేటప్పుడు మాత్రం ఆస్కార్బిక్ ఆమ్లం లేని ఆల్ఫా ఎంఈఎం అనే మీడియం, అంటే పోషక ద్రవం, వాడండి. లేకపోతే ప్రయోగానికి ముందే ముదిరిన ఎముక కణాలుగా మారడం మొదలుపెడతాయి.) చిక్కంతా రంగుతోనే. నా మొదటి ప్లేటుకు కాల్షియంను పట్టే అలిజరిన్ రెడ్ రంగు వేస్తే వెల్స్ (ప్లేటులోని గుంటలు) అన్నీ ఎర్రబడ్డాయి. సంబరపడ్డాను. మా మేడమ్ మైక్రోస్కోప్ కింద చూపించారు: ముడులుగా కనిపించాల్సిన ఎరుపు, కుంకుమ నీళ్లు ఒలికినట్టు అంతటా పరుచుకుంది. గ్లిసరోఫాస్ఫేట్ వేయని వెల్స్ కూడా అంతే ఎర్రగా ఉన్నాయి. రంగు పీహెచ్ 4.2 దగ్గర సరిచూడలేదు, సరిగా కడగలేదు. పైగా గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే చచ్చిన కణాల మీద కూడా ఖనిజం దిగుతుంది. ఎరుపును బట్టి కాల్షియం ఉందని అనగలం, అంతే. ఫాస్ఫేట్‌కు వాన్ కోసా అనే రంగు కూడా వేయండి.

ఎముకలో అయితే మృదులాస్థి, దాని చుట్టూ పొర, కొత్త ఎముక అన్నీ ఉన్నచోటే ఉంటాయి. 11వ రోజు పిండం తొడ ఎముక దాదాపు బిర్యానీ మెతుకంత. కండ తీసేటప్పుడు పై పొర చిరగకూడదు, నాకు వారం పట్టింది చేయి కుదరడానికి. దాన్ని మీడియంలో ముంచేయకండి. ఇన్సర్ట్ (వెల్‌లో అమర్చే చిన్న గిన్నె) అడుగున ఉండే సన్న రంధ్రాల పొర మీద, కింద మీడియం, పైన గాలి ఉండేలా పెట్టాలి, లేకపోతే లోపలికి ఆక్సిజన్ అందదు. కేంబ్రిడ్జ్‌లో హానర్ ఫెల్ అనే శాస్త్రవేత్త 1920లలోనే గడ్డకట్టిన ప్లాస్మా మీద కోడిపిండం ఎముకలు పెంచారు. రోజూ మీడియం మార్చండి, పది రోజులు చాలు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఒకే పిండంలో ఎడమ ఎముక కంట్రోల్ (మందు వేయనిది), కుడిదానికి పరీక్షించే మందు. పొడవు ఫొటోల్లో కొలవండి, తర్వాత సెక్షన్ (పలుచని ముక్క) తీసి మృదులాస్థికి ఆల్షియన్ బ్లూ, కొల్లాజెన్‌కు సిరియస్ రెడ్ రంగులు వేయండి. రక్తప్రసరణ ఉండదు కాబట్టి దాని గురించి ఏమీ రాయకండి.

ఎథిక్స్ కమిటీని ముందే అడగండి. కిరాణా కొట్టు గుడ్లు పొదగవు, హేచరీలో పొదిగే గుడ్లని చెప్పి తీసుకోండి. మే నెలలో అయితే తెల్లవారే వెళ్లండి, మధ్యాహ్నం ఆటోలో తెచ్చిన ట్రేలో ఎండ వేడికి కొన్ని ముందే పెరగడం మొదలుపెడతాయి, పిండాలన్నీ ఒకే వయసులో ఉండవు.