గోదావరి ఎదుట సముద్రపు అడుగు మట్టి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గోదావరి ఎదుట సముద్రం అడుగు నుంచి తీసిన మట్టిలో వేల ఏళ్ల నాటి వానల జాడ దొరికిందని చదివాను. మట్టికీ వానకూ ఏమిటి సంబంధం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: గ్యాస్ హైడ్రేట్ల (వాయువు చిక్కుకున్న, మంచులాంటి గడ్డల) కోసం మన దేశం 2006లో చేయించిన తవ్వకాల్లో ‘జోయిడెస్ రిజల్యూషన్’ నౌక ఒక కోర్ తీసింది. గొట్టంలో పొరలు చెదరకుండా పైకి తెచ్చిన మట్టి స్తంభాన్నే కోర్ అంటాం. అక్కడ నీటి లోతు దాదాపు 1,270 మీటర్లు. అందులో ఒక సాక్ష్యం నది మోసుకొచ్చిన ఆకుల మైనం. చెట్లూ, ఎండను తట్టుకునే గడ్డి జాతులూ కార్బన్‌ను వేర్వేరు పద్ధతుల్లో తీసుకుంటాయి. అందువల్ల మైనంలోని కార్బన్-13 (బరువైన కార్బన్) పాళ్లను బట్టి నదీ పరీవాహకంలో ఏవి ఎక్కువగా పెరిగాయో తెలుస్తుంది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా ఎండకు ఓర్చే మొక్కల వాటా పెరుగుతూ వచ్చింది, ఆ తర్వాత తగ్గలేదు. అయితే అడవి కొట్టి సాగు చేసినా మైనం ఇలాగే మారవచ్చు. అందుకే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులు చెప్పే రెండో సాక్ష్యం మాకు ముఖ్యం. వాన తగ్గితే నది తెచ్చే మంచినీరు తగ్గి సముద్రపు పైనీరు ఉప్పెక్కుతుంది. గత 3,000 ఏళ్లలో ఇక్కడి పైనీరు కొన్నిసార్లు బాగా ఉప్పెక్కిందని అవి చూపాయి.

ప్రశ్న: పెంకులోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువు తేడా ఉన్న ఆక్సిజన్ రకాల) అంకె ఒక్కటే కదా. అది చల్లదనమా, ఉప్పుదనమా అన్నది ఎలా తేలుతుంది?
– పీజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఆ అంకె ఒక్కదానితో తేలదు. ఈ రంగంలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. నీరు ఒక డిగ్రీ చల్లబడితే పెంకులో ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్) విలువ వెయ్యికి సుమారు 0.22 పెరుగుతుంది. మంచుయుగంలో తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు ధ్రువాల మంచుగా నిలిచిపోవడంతో సముద్రమంతటా ఈ విలువ వెయ్యికి 1 వరకు పెరిగింది. నది నీరు తగ్గి ఉప్పు పెరిగినా విలువ పెరుగుతుంది. బంగాళాఖాతంలో ఈ మూడూ కలిసే ఉంటాయి.

లెక్క ఇలా వేయండి. మంచుయుగపు రోజుల్లో, అంటే 21,000 ఏళ్ల నాటి, రూబర్ అనే ఫొరామినిఫెరా జాతి పెంకులు నేటి వాటికంటే వెయ్యికి 1.8 ఎక్కువ చూపాయనుకుందాం. మంచు వంతు 1.0 తీసేస్తే 0.8 మిగులుతుంది. అదే పొరలోని పెంకుల్లో మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి కొలవాలి. ఇది నీటి ఉష్ణోగ్రతను బట్టి డిగ్రీకి సుమారు 9 శాతం మారుతుంది. అది 2 డిగ్రీల చల్లదనం చెబితే మరో 0.44 పోతుంది. మిగిలిన 0.36 నీటి ఉప్పుదనానిది, అంటే నది నీరు తగ్గిందన్నమాట. ఉప్పుదనం మెగ్నీషియాన్ని కూడా కొంత పెంచుతుంది. దాన్ని సరిదిద్దకపోతే నీరు నిజానికన్నా వెచ్చగా ఉన్నట్టు తేలుతుంది.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం మట్టి కడుగుతున్నాను. కొన్ని నమూనాల్లో పెంకులు గరుకుగా, తినేసినట్టు ఉన్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: నమూనాను తడిగా ఎన్నాళ్లు ఉంచారో ముందు చూసుకోండి. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న తీరపు మట్టిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) సన్నటి గింజలుగా ఉంటుంది. తడి మట్టికి గాలి తగిలితే పైరైట్ ఆక్సీకరణ చెంది ఆమ్లం పుడుతుంది, అది పెంకును తినేస్తుంది. కోర్‌ను 4 డిగ్రీల్లో భద్రపరచండి. నమూనా తీయగానే ఫ్రీజ్-డ్రై (గడ్డకట్టించి తేమ లాగేయడం) చేసేయండి. రెండో అనుమానం డిస్టిల్డ్ వాటర్ మీద. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి అది కొద్దిగా ఆమ్లంగా మారుతుంది, రోజుల తరబడి నానబెట్టకూడదు.

10 ఘన సెంటీమీటర్ల మట్టి చాలు. తూకం వేసి, రాత్రి నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద సన్నటి నీటి జల్లుతో కడగండి. వేలితో రుద్దితే పెంకుల్లోని సన్నటి గదులు విరుగుతాయి. 50 డిగ్రీలకు మించకుండా ఆరబెట్టి, 250–355 మైక్రాన్ల మధ్యవాటినే ఏరండి. పెంకు సైజు మారితే ఐసోటోపు విలువా మారుతుంది కాబట్టి ఈ హద్దు దాటవద్దు. ఒక్కో కొలతకు 15–20 పెంకులు తీసుకుంటే కొన్ని పెంకుల తేడాలు సగటులో కలిసిపోతాయి. గదుల్లో ఇరుక్కున్న బంకమట్టిని మిథనాల్‌లో కొన్ని సెకన్ల అల్ట్రాసోనిక్‌తో వదిలించండి. బంకమట్టిలో మెగ్నీషియం ఎక్కువ. అది మిగిలితే ఉష్ణోగ్రత తప్పుగా ఎక్కువ వస్తుంది. అల్యూమినియం బంకమట్టిలోనే ఎక్కువ కాబట్టి, దాన్ని కూడా కొలిస్తే శుభ్రత తెలిసిపోతుంది. ఒక నమూనా తర్వాత జల్లెడను మిథిలీన్ బ్లూలో ముంచండి. అందులో మిగిలిపోయిన పెంకులు నీలంగా కనిపిస్తాయి, తర్వాతి నమూనాలో వాటిని పక్కన పెట్టవచ్చు.

ప్రశ్న: పొరల వయసును ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సుమారు 50,000 ఏళ్ల దాకా పెంకుల్లోని రేడియోకార్బన్ (కాలంతో పాటు తరిగిపోయే కార్బన్-14) పనిచేస్తుంది. సముద్రపు నీటిలో పాత కార్బన్ ఉండటం వల్ల వచ్చే కొన్ని వందల ఏళ్ల తేడాను సరిచేయాలి. పురుగులు పై 10 సెంటీమీటర్లను కలిపేస్తుంటాయి. వెయ్యేళ్లకు 2 సెంటీమీటర్లే పేరుకునే నడిసముద్రంలో అది 5,000 ఏళ్ల కలగాపులగం. 50 సెంటీమీటర్లు పేరుకునే నదీముఖంలో 200 ఏళ్లే. అందుకే తీరపు కోర్లంటే మాకు మక్కువ. కానీ వాలు మీది మట్టి జారి పడితే పాతది కొత్తదాని మీదికి వస్తుంది. కింద ముతక ఇసుక, పైకి పోనుపోను సన్న మట్టి ఉన్న పొర కనబడితే అందులోంచి నమూనా తీయకూడదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో మీథేన్ బెడద కూడా ఉంది. పైకి తెచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి వాయువు ఉబ్బి మట్టి పగుళ్లిస్తుంది, తవ్విన లోతుకంటే కోర్ పొడవు ఎక్కువ వస్తుంది. గొట్టానికి రంధ్రాలు పెట్టి వాయువు వదిలి, లోతులను మళ్లీ లెక్కగట్టాలి.

50,000 ఏళ్లకంటే పాత పొరలకు మీ ప్రాంతంలోనే ఒక గుర్తుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో నేలలో ఉంది, బంగాళాఖాతం కోర్లలోనూ ఉంది. రెండుచోట్లా గాజు రేణువుల రసాయన కూర్పును పోల్చి చూసి, అవి టోబావేనని తేలాకే ఆ పొరకు ఈ వయసు ఇవ్వాలి.