మీ ప్రశ్న – మా జవాబు: చెవిలో పాట, కాలికి లెక్క

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం హన్మకొండ జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో రోజూ 1600 మీటర్లు ఉరుకుతున్న. ఎంపీత్రీ ప్లేయర్ల పాటలు పెట్టుకుంటే హుషారుంటది గానీ మూడో రౌండ్‌కే దమ్ము అయిపోతున్నది. పాటలు బంద్ చేయాల్నా సార్?
– ఒక పాఠకుడు, హసన్‌పర్తి

జవాబు: బంద్ చేయనక్కర్లేదు. పాటతో హుషారు వస్తుంది, వేగం లెక్క మాత్రం తెలియదు. ఊపున్న పాటతో బయలుదేరితే మొదటి 200 మీటర్లు 40 సెకన్లలోనే దాటేస్తారు. మీ దమ్ము పోయేది అక్కడే, తెలిసేది మూడో రౌండ్‌లో.

తెలంగాణ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అంటే ప్రతి 200 మీటర్లకు 54 సెకన్ల పైచిలుకు. సాధన 52 సెకన్లకు పెట్టుకోండి. మొత్తం 6 నిమిషాల 56 సెకన్లవుతుంది, 19 సెకన్లు చేతిలో ఉంటాయి. (మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఇచ్చారు. వాళ్లు 200 మీటర్లకు 78 సెకన్లు పెట్టుకోవచ్చు.)

ఈ లెక్కను బీప్‌గా మార్చి ప్లేయర్‌లో వేసుకోవాలి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. జనరేట్ మెనూలో టోన్ తీసుకొని అర సెకను బీప్ చేయండి. తర్వాత ఎండ్ బటన్ నొక్కి కర్సర్‌ను చివరికి తెచ్చి, 51.5 సెకన్ల సైలెన్స్ చేర్చండి. ఎండ్ నొక్కడం మరిచిపోతే బీప్ సెలెక్ట్ అయ్యే ఉంటుంది, సైలెన్స్ వచ్చి దాన్ని తుడిచేస్తుంది. చాలామందికి ఫైలు ఉత్త నిశ్శబ్దంగా వచ్చేది ఇందుకే. ఇప్పుడు మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో రిపీట్‌కు 8 ఇవ్వండి. తొమ్మిది బీప్‌లు వస్తాయి: మొదటిది స్టార్ట్‌కు, చివరిది ఫినిష్‌కు. కింద ఇంకో ట్రాక్‌లో పాట పెట్టి, బీప్ మునిగిపోకుండా దాని సౌండ్ 10 డెసిబెల్స్ తగ్గించి, ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేయండి.

ట్రాక్ మీద 200 మీటర్ల గుర్తు బీప్ కంటే ముందే వచ్చిందంటే అప్పుడే వేగం తగ్గించాలి. కష్టమైన పని ఇదే, ఎందుకంటే మొదటి రౌండ్‌లో కాళ్లు తేలిగ్గా ఉంటాయి. అసలు ఈవెంట్‌లో చెవిలో ఏమీ ఉండదు కాబట్టి, వేగం ఒంటికి పట్టాక వారానికి రెండు రోజులు ప్లేయర్ లేకుండా ఉరకండి.

ప్రశ్న: మా అమ్మ భద్రకాళి బండ్ మీద అరగంట నడుస్తది. ఎసొంటి పాటలు వేసియ్యాలె?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పాట వింటూ 15 సెకన్లలో ఎన్ని తాళం దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి, నిమిషానికి ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. దెబ్బకొక అడుగు వేయాలి. నిమిషానికి 100 అడుగులంటే పెద్దవాళ్లకు ఒక మోస్తరు వ్యాయామం. మొదటి 5 నిమిషాలు 90 దెబ్బల పాటలు, తర్వాత 20 నిమిషాలు 105–115వి, చివరి 5 నిమిషాలు మళ్లీ 90వి వేయండి. 55 దెబ్బల నిదానపు పాటైనా పనికొస్తుంది, దెబ్బకు రెండడుగులు వేస్తే సరి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే పాట మార్చాలి. ఇంటి నుంచి బండ్ దాకా రోడ్డు మీద మాత్రం చెవుల్లో ఏమీ వద్దమ్మా, వెనుక వచ్చే ఆటో వినబడాలి.

ప్రశ్న: పాటలకు 1, 2, 3 అని పేర్లు పెట్టినా చిన్న ప్లేయర్‌లో వరుస తప్పుతున్నది. ఎందుకు?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: ముందు షఫిల్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. చవక ప్లేయర్లు చాలావరకు పేరు చూడవు, ఫైళ్లు కాపీ అయిన వరుసలోనే పాడుతాయి. పైగా ఒక పాట తీసేసి కొత్తది వేస్తే, అది ఖాళీ అయిన పాత చోట్లోకి పోయి కూర్చుంటుంది. పాటలు వేరేచోట దాచుకొని ప్లేయర్‌ను కంప్యూటర్‌కు పెట్టి, ఫార్మాట్‌లో ఫ్యాట్32 అనే రకం ఎంచుకొని మొత్తం తుడిచి, ఒక్కొక్కటే వరుసగా కాపీ చేయండి. పేరు చూసే ప్లేయర్లలోనూ 10 వచ్చి 2 కంటే ముందు నిలబడొచ్చు, అందుకే 01, 02 అని పెట్టాలి. వ్యాయామానికైతే అన్నీ కలిపి ఒకే ఫైలు చేసుకోవడం మేలు. వరుస తప్పే అవకాశమే ఉండదు.