కథ బాగుంది అని ఎందుకు అనలేదంటే

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. "బాగుంది, రాస్తూ ఉండు" అని ఒక మెసేజ్ పెట్టేస్తే నీకూ సంతోషం, నాకూ పని అయిపోయేది. కానీ దానివల్ల నీ కథకు ఒరిగేదేమీ లేదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కథలో ఎరువుల అంగడాయన్ను మంచివాడిగా చూపించావు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క పల్లెలో, ఆగస్టు చివర్లో ఒక వాన పడిందని రైతు పరుగెత్తుకుంటూ వస్తే, కూర్చోబెట్టి టీ తెప్పించి "నువ్వడిగితే కాదంటానా అన్నా" అని వేరుశనగ విత్తనకాయలు అప్పుకిచ్చి పద్దు రాసుకుంటాడు. "మఖ కార్తెలో చెనిక్కాయ విత్తుతావా, బుద్ధుందా నీకు" అని నలుగురిలో అరిచిన పెద్దమ్మనేమో గయ్యాళిని చేశావు. మన పక్క సంగతి నీకు తెలియనిదా? వానల మీద ఆధారపడే వేరుశనగ జూలై దాటితే కష్టం, ఊడలు నేలలోకి దిగి కాయ ఊరే టైముకు నేలలో పదును ఉంటుందో లేదో, పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. అదే ఉలవలు చల్లుకుంటే ఖర్చు తక్కువ, గింజ సరిగా రాకపోయినా గొడ్లకు మేతన్నా మిగులుతుంది. అరిచిన ఆ పెద్దమ్మే సాయంత్రం ఇంట్లో ఉన్న ఉలవలు చేటలో చెరిగి, రాళ్ళేరి, శేరుతో కొలిచి ఆ రైతు సంచిలో పోసింది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! నా లెక్కన కథంతా అక్కడే ఉంది.

అట్లని అంగడాయన్ను దుర్మార్గుణ్ణి చేయొద్దు. కాదంటే గిరాకీ ఇంకో అంగడికి పోతుందన్న భయం, మొహం మీద చెప్పలేని మొహమాటం, ఈ రెండూ చాలు, మనుషులు తియ్యగా మాట్లాడుతూనే ఎదుటివాణ్ణి ముంచడానికి.

ఊరికే తిడితే మేలు చేసినట్టని కూడా అనుకోకు. 1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు ఎంతటి రచయితనైనా మొహమాటం లేకుండా విమర్శించేవారు, అయితే ఎందుకు బాగాలేదో కారణాలు చూపించి మరీ. అంత ఓపిగ్గా చదవడమే అవతలి మనిషికి మనమిచ్చే గౌరవం. రేపు నీ స్నేహితులు కథలు పంపితే నువ్వూ అట్లే చదువు.

కథ మళ్ళీ రాయి. పెద్దమ్మ తిట్లు మాత్రం మెత్తగా చేయొద్దు, మీ ఊర్లో ఎట్లా తిడతారో అట్లే ఉండనీ. పంపితే మళ్ళీ చదువుతాను.