‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు సరే... ఎలా తగ్గించుకోవాలి?

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఆర్నెల్లుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టడం లేదు. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. కూర్చున్నచోటే ఒక్కోసారి గుండెదడ వస్తుంది, ఛాతీ బిగుసుకున్నట్టు ఉంటుంది. చిన్న విషయానికే పిల్లల మీద అరిచేసి, తర్వాత బాధపడుతున్నాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ చేయించాను. అన్నీ నార్మల్ అన్నారు. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని చెప్పి పంపేశారు. ఆఫీసు పని, ఇంటి పని, మంచంలో ఉన్న మామగారిని చూసుకోవడం... ఇవేవీ తగ్గేవి కావు. మరి టెన్షన్ ఎలా తగ్గుతుంది?
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. టెన్షన్ తగ్గించుకోమని చెప్పినవాళ్లు, అదెలాగో కూడా చెప్పాలి. ముందుగా ఒక మాట. పరీక్షలన్నీ నార్మల్ అంటే మీ బాధ ఉత్తదని కాదు. గుండెదడ నిజం, మెడ నొప్పి నిజం. ఆ పరీక్షల్లో చూసిన జబ్బులు మీకు లేవని మాత్రమే దానర్థం.

మన శరీరానికి ఏదైనా ముప్పు ఎదురైతే, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్‌ను, కొన్ని నిమిషాల్లో కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఎదురు తిరగడానికో, పారిపోవడానికో చేసుకునే ఏర్పాటు ఇది. 1936లో హన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ఒక సంగతి గమనించారు. చలిలో ఉంచినా, గాయం చేసినా, అతిగా శ్రమ పెట్టినా వాటి శరీరాల్లో ఒకే తరహా మార్పులు కనిపించాయి. మీ విషయంలోనూ అంతే. నెలాఖరు లెక్కలు, పిల్లాడి జ్వరం, మామగారి రాత్రి దగ్గు మీకు మూడు వేర్వేరు సమస్యలు. శరీరం మాత్రం మూడింటినీ ఒకే ఖాతాలో వేసుకుంటుంది.

ఈ ఏర్పాటు మంచిదే, అది లేకపోతే బతకలేం. ముప్పు దాటాక శరీరం మళ్లీ మామూలు స్థితికి దిగాలి. మీకు ఆ దిగడం జరగడం లేదు. ఒకటి తీరకముందే ఇంకోటి వచ్చి పడుతోంది. కాబట్టి బాధ్యతలు తగ్గేదాకా ఆగాల్సిన పని లేదు. అవి ఉండగానే, రోజులో నాలుగైదుసార్లు శరీరాన్ని కిందికి దించడం నేర్చుకుందాం. నేను చెప్పబోయేదంతా దానికోసమే.

మొదటిది ఊపిరి. వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది, అందుకే ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. గుండె వేగాన్ని మనం నేరుగా మార్చలేం కానీ ఊపిరి ద్వారా మార్చగలం. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు వేగస్ అనే నాడి దాన్ని నెమ్మదింపజేస్తుంది. అందుకని పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. ఒక్కోసారి ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చేయండి. బలంగా పీల్చకండి, తల తిరుగుతుంది. మామూలు ఊపిరినే నెమ్మదిగా తీసుకుంటే చాలు.

దీన్ని దడ వచ్చిన రోజే మొదలుపెడితే పని చేయలేదనిపిస్తుంది. నెమ్మదిగా ఉన్న వేళల్లో అలవాటు చేసుకుంటేనే దడ వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. విడిగా టైమ్ వెతుక్కోవద్దు, దొరకదు. ఎలాగూ రోజూ చేసే పనులకు దీన్ని ముడిపెట్టండి: పొద్దున కంప్యూటర్ తెరిచే ముందు, భోజనం తర్వాత, సాయంత్రం ఇంటి గుమ్మం దాటే ముందు. ఆ మూడోది మీకు మరీ ముఖ్యం. మీరు పిల్లల మీద అరుస్తున్నది పిల్లల వల్ల కాదేమో చూడండి. ఆఫీసులో ఎక్కిన వేడి ఇంకా దిగకముందే వాళ్లు ఎదురవుతున్నారు. గుమ్మం బయట గడిపే ఆ ఐదు నిమిషాలు ఎవరి నుంచో దొంగిలించిన టైమ్ అనుకోకండి.

మెడ, భుజాల విషయానికొస్తే, బిగుసుకున్న కండరాన్ని ‘వదులు చేయి’ అంటే అది వినదు. ముందు ఇంకా బిగించి, తర్వాత వదలాలి. ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు దాదాపు నూరేళ్ల కిందట రూపొందించిన పద్ధతి ఇది, ఇవాళ్టికీ వాడుతున్నాం. భుజాలను చెవుల దాకా ఎత్తి ఐదారు సెకన్లు బిగబట్టండి, ఒక్కసారిగా వదిలేయండి. ఓ ఇరవై సెకన్లు ఆ తేడాను గమనించండి. తర్వాత పిడికిళ్లు, ఆ తర్వాత కాళ్లు. నొప్పి పుట్టేంతగా బిగించొద్దు. ఇది చదువుతున్న ఈ నిమిషంలో మీ పళ్లు ఒకదానికొకటి ఆని ఉన్నాయా? ఆని ఉంటే దవడ వదులు చేయండి. నమలనప్పుడు, మింగనప్పుడు పైపళ్లకు, కిందిపళ్లకు మధ్య కాస్త ఎడం ఉండాలి.

నడక గురించి మీకు తెలిసే ఉంటుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి అరగంట కుదరకపోతే పది నిమిషాలు మూడుసార్లు నడిచినా లెక్కకు వస్తుంది. పరుగుకు సిద్ధమై, పరుగెత్తకుండా కుర్చీలో కూర్చుండిపోయిన శరీరానికి నడక ఒక దారి చూపిస్తుంది.

ఇక మూడింటి మెలకువ. రాత్రి రెండో సగంలో నిద్ర సహజంగానే పలచబడుతుంది, కార్టిసాల్ కూడా తెల్లవారే వేళకు పెరుగుతూ వస్తుంది. అందుకే మెలకువ రావడం వింత కాదు. గడియారం చూసి, ‘ఇంకా మూడు గంటలే ఉంది, రేపెలా?’ అని లెక్కలు మొదలుపెట్టడంతోనే నిద్ర పూర్తిగా పోతుంది. గడియారాన్ని అటు తిప్పి పెట్టండి, ఫోన్ చేతికి అందనంత దూరంలో ఉంచండి. సుమారు ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రావట్లేదనిపిస్తే పక్క మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేయండి. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి. రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా పొద్దున లేచే టైమ్ మార్చొద్దు, సెలవు రోజైనా సరే. సాయంత్రం కాఫీ, టీల సంగతి కూడా చూసుకోండి. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదింటికీ మీలోనే ఉంటుంది. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు.

రాత్రి మూడింటికి వచ్చే ఆలోచనలకు సాయంత్రమే ఒక టైమ్ ఇవ్వండి. పదిహేను నిమిషాలు చాలు. కాగితం మీద రెండు గళ్లు గీయండి, మీకు అలవాటైన పనే. ఒకదాంట్లో రేపు నేను చేయగలిగినవి, రెండోదాంట్లో నా చేతిలో లేనివి. చేయగలిగినవాటి పక్కన మొదటి అడుగు ఏమిటో రాయండి. రాత్రి అదే ఆలోచన వస్తే, ‘రాసిపెట్టాను, రేపు సాయంత్రం చూస్తాను’ అనుకోండి. మొదటి వారం కుదరదు. మెల్లగా మనసుకు అలవాటవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకుంటున్నది మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మంచంలో ఉన్న మనిషిని ఆఫీసు చేసుకుంటూ చూసుకోవడం ఇంకో ఉద్యోగంతో సమానం. నా దగ్గరకు రోగుల వెంట వచ్చే కూతుళ్లు, కోడళ్లు, కొడుకులు మందుల చీటీ చేతిలో పట్టుకుని ఆయన బీపీ, ఆయన షుగర్ అంకెలతో సహా చెబుతారు. ‘మీరెలా ఉన్నారు?’ అని అడిగితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. సాయం అడగడం మీకు మొహమాటంగా ఉండొచ్చు. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏం చేయాలో అర్థం కాదు. ‘ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా నాన్నగారి దగ్గర మీరుండండి’ అని మీ ఆయనతోనో, మరిదితోనో, ఆడపడుచుతోనో స్పష్టంగా చెప్పండి. ఆ రెండు గంటల్లో ఇంటి పని పెట్టుకోకండి. నిద్రపోయినా సరే, ఊరికే కూర్చున్నా సరే. దాన్ని బద్ధకం అనుకోవద్దు, నా చీటీలో మందుతో పాటు రాసినట్టే భావించండి.

ఇవన్నీ రేపే మొదలుపెట్టకండి, అదొక కొత్త టెన్షన్ అవుతుంది. రెండు వారాలు ఊపిరి, ఒకే వేళకు లేవడం, ఆ ఆదివారం రెండు గంటలు... ఈ మూడే చేయండి. మిగతావి తర్వాత ఒక్కొక్కటిగా కలుపుకోవచ్చు.

కొన్నిటికి మాత్రం ఆగొద్దు. మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుతు పెరిగినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, పాత ఈసీజీ నార్మల్ కదా అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంకో సంగతి, తెల్లవారుజామునే మెలకువ రావడం డిప్రెషన్‌లోనూ కనిపిస్తుంది. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోతే, దిగులు వదలకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవండి. బతకడం వృథా అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ రోజే కలవాలి. నెలసరి క్రమం తప్పడం, ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం ఉంటే గైనకాలజిస్ట్‌కు చెప్పండి. హార్మోన్ల మార్పులు కూడా నిద్రను చెడగొడతాయి.

మీకు నిద్రలేమి ఆర్నెల్లుగా ఉంది కాబట్టి, పైవి చేశాక నెల రోజుల్లో మార్పు లేకపోతే నిద్ర కోసం ప్రత్యేకంగా ఉన్న సీబీటీ అనే చికిత్స గురించి అడగండి. అందులో మందులుండవు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేస్తారు, బాగా పని చేస్తుంది. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ, దడ వచ్చిన సమయం, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది రాసి తీసుకెళ్లండి. ఈసారి మామగారి ఫైలు ఇంట్లోనే ఉంచండి.